తప్పొప్పుల పట్టిక

ఆ చిన్న పుస్తకంలో కాగితాలకు చిల్లులు పడిపోయాయి. చెదలు తినలేదు, తడిసి పాడవలేదు. పెట్టిన చుక్కలను గీకి చెరిపి, అదే చోట మళ్లీ చుక్క పెట్టి, మళ్లీ గీకితే కాగితం మాత్రం ఎన్నాళ్లు ఆగుతుంది? చివరికి దాని యజమాని కాగితాన్ని వదిలేసి ఏనుగుదంతం రేకుల మీదికి మారాడు. వాటి మీద చెరగని ఎర్ర సిరాతో గళ్లు గీసుకున్నాడు. చుక్కలను మాత్రం పెన్సిలుతో పెట్టేవాడు. తడి స్పాంజితో తుడిస్తే పోతాయి, గళ్లు మిగులుతాయి.

ఆ యజమాని బెంజమిన్ ఫ్రాంక్లిన్. 1730 ప్రాంతంలో, పాతికేళ్లు అటూ ఇటూగా ఉన్న రోజుల్లో, ఫిలడెల్ఫియాలో అచ్చుకూటం నడుపుకుంటూ ఆయన ఈ పని మొదలుపెట్టాడు. పేజీకి ఏడు నిలువు గళ్లు వారంలోని రోజులకు, పదమూడు అడ్డ గళ్లు పదమూడు సుగుణాలకు. రాత్రి పడుకునే ముందు ఆ రోజు ఏ గుణం దగ్గర తప్పాడో ఆ గడిలో ఒక నల్లచుక్క. మనసును గళ్లుగా విడగొట్టి, తప్పుకో చుక్క చొప్పున లెక్క రాసుకోవచ్చన్న ఆలోచన ఇవాళ మనకు వింతగా తోచదు. ఫోనులో నడకల లెక్క, నిద్ర లెక్క, అలవాట్ల లెక్క చూసుకునే కాలం ఇది. ఈ అలవాటు ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ పోతే తొలినాళ్ల అమెరికా సాహిత్యంలోకి వెళతాం. అక్కడ దీనికి ఫ్రాంక్లిన్ మూలపురుషుడేమీ కాడు. ఆయన కన్నా వందేళ్ల ముందునుంచే ఆ తీరంలో రాత్రిపూట దీపం దగ్గర కూర్చుని తమ తప్పుల చిట్టా రాసుకున్నవాళ్లున్నారు. కాకపోతే వాళ్లు రాసింది తమను బాగుచేసుకోవడానికి కాదు.

1630లో మసాచుసెట్స్ తీరంలో దిగిన ప్యూరిటన్ల నమ్మకం చాలా కఠినమైనది. ఎవరికి ముక్తి ఉందో, ఎవరికి లేదో దేవుడు ముందే నిర్ణయించేశాడు. మనిషి ఎంత మంచిగా బతికినా ఆ నిర్ణయం మారదు. మరి ఇక రాసుకోవడం ఎందుకు? నిర్ణయం మారకపోయినా, దాని గుర్తులు మనసులో ఎక్కడో ఒక మూల కనబడతాయేమోనన్న ఆశతో. ఈ రోజు ప్రార్థనలో కన్నీళ్లొచ్చాయి, అది గుర్తా? పక్కింటివాడి పొలం చూసి కుళ్లుకున్నాను, ఇది గుర్తా? డైరీ వాళ్లకు ఒక నాడి పట్టుకునే సాధనం. జబ్బు తగ్గించేది కాదు, ఉందో లేదో చెప్పేది.

అక్కడి కేంబ్రిడ్జిలో థామస్ షెపర్డ్ అనే మతాచార్యుడి చర్చిలో సభ్యత్వం కావాలంటే అందరి ముందూ నిలబడి తన ఆత్మ ఎలా మేలుకొందో చెప్పాలి. అలా 1638 నుంచి వచ్చినవాళ్లు చెప్పిన మాటలను షెపర్డ్ తన నోటుపుస్తకంలో రాసిపెట్టుకున్నాడు. అందులో ఆడవాళ్లున్నారు, ఇళ్లలో పనిచేసే మనిషి కూడా ఉంది. అమెరికా సాహిత్యచరిత్రలో నాకు ఎంతో ఇష్టమైన చోటు ఇది. పేరుకు కూడా చరిత్రలో మిగిలే అవకాశం లేని ఒక పనిమనిషి, ఊరందరి ముందు నిలబడి తన లోపలి కథను మొదటినుంచీ చివరిదాకా చెప్పుకుంది. ఒకరు దాన్ని విలువైనదిగా భావించి రాసుకున్నారు. ఎవరి బతుకైనా చెప్పదగ్గదే అన్న భావం అక్కడ అలా వేరూనింది.

హార్వర్డులో పాఠాలు చెప్పిన మైకేల్ విగిల్స్‌వర్త్ 1653 నుంచి 1657 దాకా రాసుకున్న డైరీ చదివితే గుండె బరువెక్కుతుంది. తన గర్వం మీద, తన కోరికల మీద, తండ్రి పట్ల తన మనసులో ఉన్న కరకుదనం మీద ఆయన రోజూ యుద్ధం చేశాడు. పరులకు తెలియకూడదనుకున్న భాగాలను సంకేతలిపిలో రాసుకున్నాడు. దేవుడికి ఎలాగూ తెలుసు. మనుషులకు తెలియకూడదు. ఆ రెండింటి నడుమ ఒక మనిషి తనతో తాను మాట్లాడుకోవడం మొదలుపెట్టాడు.

ఇక్కడ చదువు సంగతి కూడా చెప్పాలి. బైబిలు ఎవరికి వాళ్లు చదువుకోవాలి కాబట్టి 1642లోనే పిల్లలకు చదవడం నేర్పించడం పెద్దల బాధ్యత అంటూ మసాచుసెట్స్ చట్టం చేసింది. 1647లో ఇంకో చట్టం వచ్చింది. యాభై కుటుంబాలున్న ప్రతి ఊరూ చదవడం, రాయడం నేర్పే పంతులును పెట్టుకోవాలి. తనను తాను చూసుకునే సాహిత్యం ఆ నేలమీద అంత దట్టంగా పెరగడానికి మూలం ఈ చట్టాల్లోనే ఉంది. అక్షరం అందరికీ అందవలసినదని ఒక సమాజం అనుకున్నాకే అందరి లోపలా ఏముందో రాసుకునే వీలు కలిగింది. ఈ 'అందరి'లో ఎవరు లేరన్నది తర్వాత వస్తుంది.

డైరీలోని చూపు మెల్లగా లోపలినుంచి బయటికి తిరిగింది. బోస్టన్‌లో కాటన్ మేథర్ 1710లో ఒక పుస్తకం వేశాడు. మంచి పనులు చేయడం ఎలా అన్నది దాని విషయం. మొగుడు, పెళ్లాం, పంతులు, వైద్యుడు, లాయరు ఎవరికి వాళ్లు ఈ రోజు నేనేం మేలు చేయగలనని పొద్దున్నే ఆలోచించుకోవాలని, ఇరుగుపొరుగు కలిసి సంఘాలు పెట్టుకోవాలని చెప్పాడు. ఆ పుస్తకం పాత ప్రతి ఒకటి కొవ్వొత్తులు, సబ్బులు చేసుకునే జొసయా ఫ్రాంక్లిన్ ఇంట్లో ఉంది. ఆయనకు పదిహేడుగురు పిల్లలు. పదిహేనోవాడు బెంజమిన్. చిన్నప్పుడు చదివిన ఆ పుస్తకం తన బతుకంతటి మీదా ప్రభావం చూపిందని, 1784లో మేథర్ కొడుకుకు రాసిన ఉత్తరంలో ఆయనే చెప్పాడు.

1722 దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. ఆ ఏడు చివర్లో జొనాథన్ ఎడ్వర్డ్స్ అనే పంతొమ్మిదేళ్ల కుర్రాడు న్యూయార్కులో ఒక చిన్న చర్చిలో బోధిస్తూ, తాను ఎలా బతకాలో నిర్ణయాలు రాసుకోవడం మొదలుపెట్టాడు. మరుసటి ఏడాదికల్లా అవి డెబ్బై అయ్యాయి. వారానికొకసారి అన్నీ చదువుకోవాలని పైన రాసిపెట్టుకున్నాడు. దేవుడి సాయం లేకుండా వీటిలో ఒక్కటీ నిలబెట్టుకోలేనని మొదట్లోనే ఒప్పుకున్నాడు. అదే ఏడు బోస్టన్‌లో పదహారేళ్ల బెంజమిన్ తన అన్న జేమ్స్ నడిపే పత్రికకు ఒక నడివయసు వితంతువు రాసినట్టు ఉత్తరాలు రాసి, రాత్రివేళ అచ్చుకూటం తలుపు కింద నుంచి లోపలికి తోస్తున్నాడు. అలా పద్నాలుగు అచ్చయ్యాయి. అన్న స్నేహితులు ఇంత బాగా రాసిందెవరా అని మాట్లాడుకుంటుంటే పక్కనే నిలబడి విన్నాడు. ఒకడు తనలోకి ఎంత లోతుకు దిగగలడో చూస్తున్నాడు. ఇంకొకడు తాను కాని మనిషిగా మారి రాయగలడేమో చూస్తున్నాడు. అమెరికా సాహిత్యంలో తర్వాత వచ్చిన ప్రతి ఆత్మకథా ఈ ఇద్దరు కుర్రాళ్ల మధ్య ఎక్కడో ఒకచోట ఉంటుంది.

ఫ్రాంక్లిన్‌కు బడి చదువు రెండేళ్లు కూడా లేదు. పన్నెండో ఏట అన్న దగ్గర అచ్చుపనిలో చేరాడు. రాయడం ఎలా నేర్చుకున్నాడో ఆత్మకథలో వివరంగా చెప్పాడు. నా మటుకు ఆ పదమూడు గుణాల పట్టిక కన్నా ఈ భాగమే విలువైనది. లండన్ నుంచి వచ్చే స్పెక్టేటర్ పత్రిక సంపుటాల్లో విడిగా ఒకటి, మూడోది, ఆయన చేతికి చిక్కింది. అందులో ఒక వ్యాసం తీసుకుని వాక్యానికొక చిన్న గుర్తు చొప్పున రాసుకునేవాడు. కొన్ని రోజులు పక్కన పెట్టేవాడు. తర్వాత పుస్తకం చూడకుండా ఆ గుర్తులను బట్టి వ్యాసమంతా తన మాటల్లో మళ్లీ రాసేవాడు. అప్పుడు అసలుతో పోల్చి ఎక్కడ తప్పాడో దిద్దుకునేవాడు. మాటలు చాలడం లేదనిపిస్తే వ్యాసాన్ని పద్యంగా మార్చి, మరిచిపోయాక మళ్లీ వచనంగా మార్చేవాడు. ఒక్కోసారి గుర్తుల చీటీలను కలగాపులగం చేసి, వారాల తర్వాత వరసలో పెట్టి చూసుకునేవాడు. పక్కన గురువు లేడు. అసలు వ్యాసమే గురువు. ఎప్పుడైనా ఒకటి రెండు చోట్ల అసలు కన్నా తనదే బాగుందని తోచేదట. ఆ మాట చదివినప్పుడు ఆ కుర్రాడి భుజం తట్టాలనిపిస్తుంది.

ఈ దిద్దుబాటు అచ్చుకూటంలో పెరిగినవాడికి పుట్టుకతో వచ్చినంత సహజం. సీసపు అక్షరాలను ఒక్కొక్కటీ తిరగేసి పేర్చాలి, తిరగేసే చదవాలి. ప్రూఫు తీసి తప్పులు పట్టుకోవాలి. ఎంత జాగ్రత్తగా ఉన్నా ముద్రారాక్షసాలు కొన్ని మిగులుతాయి. అందుకే పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక. ఫ్రాంక్లిన్ తన జీవితంలో చేసిన పెద్ద తప్పులను ఆత్మకథలో పిలిచిన పేరు సరిగ్గా ఇదే. పాపం అనలేదు, అచ్చుతప్పు అన్నాడు. ఇరవై రెండేళ్లకే తన సమాధి మీదికి ఒక వాక్యం తయారుచేసుకున్నాడు. తన శరీరం అట్ట ఊడి చివికిపోయిన పాత పుస్తకమని, గ్రంథకర్త దిద్దిన కొత్త ముద్రణగా మళ్లీ వెలువడుతుందని దాని భావం. చివరికి సమాధి మీద ఆ వాక్యం చెక్కలేదు. ఆయనదీ, భార్య డెబొరాదీ పేర్లు, 1790 అన్న అంకె, అంతే ఉన్నాయి.

పాపానికీ అచ్చుతప్పుకూ ఉన్న దూరంలోనే ఒక యుగం మారింది. పాపానికి క్షమాపణ కావాలి, అది పైనుంచి రావాలి. అచ్చుతప్పుకు దిద్దుబాటు చాలు, అది మన చేతిలో పని. అన్న దగ్గర కట్టుబాటు గడువు తీరకుండానే 1723లో పారిపోయి రావడం తన మొదటి తప్పుల్లో ఒకటి అన్నాడు ఫ్రాంక్లిన్. పదేళ్ల తర్వాత వెళ్లి అన్నతో రాజీపడ్డాడు. అన్న కొడుకును తెచ్చి చదివించి, పని నేర్పి, కొత్త అచ్చక్షరాలిచ్చి పంపాడు. వెర్నన్ అనే ఆయన వసూలు చేసి పెట్టమన్న డబ్బును వాడుకోవడం ఇంకో తప్పు. వడ్డీతో సహా తీర్చాడు. మాటిచ్చిన డెబొరాను లండన్ వెళ్లి మరిచిపోవడం మరొకటి. 1730లో ఆమెతో కాపురం పెట్టాడు. తప్పు ఎదురుగా ఒప్పు రాసుకుంటూ పోవడం అంటే ఇదీ.

పదమూడు గుణాలు ఇవి: మితం, మౌనం, క్రమం, పట్టుదల, పొదుపు, శ్రమ, నిష్కాపట్యం, న్యాయం, సంయమనం, శుభ్రత, ప్రశాంతత, శీలం, వినయం. వారానికి ఒక గుణం మీద ప్రత్యేకంగా దృష్టి. పదమూడు వారాల్లో ఒక ఆవృత్తి, ఏడాదికి నాలుగు. కలుపు తీసేవాడు తోట మొత్తం ఒకేసారి పీకడు, మడి తర్వాత మడి తీస్తాడన్నది ఆయన పోలిక. మొదట పన్నెండే ఉండేవి. నీకు గర్వం ఎక్కువని జనం అనుకుంటున్నారని ఒక క్వేకర్ స్నేహితుడు ఉదాహరణలతో సహా చెప్పాక వినయం చేరింది. వినయాన్ని నిజంగా సాధించానని చెప్పుకోలేను, పైకి కనబడడం వరకు సాధించానని రాశాడు. ఒకవేళ గర్వాన్ని పూర్తిగా జయించాననుకున్నా, బహుశా ఆ వినయం చూసుకునే గర్వపడతానేమోనన్నాడు.

అన్నింటికన్నా ఏడిపించింది క్రమం. కాగితాలు, వస్తువులు ఎక్కడివక్కడ ఉంచడం ఆయనకు ముసలితనం దాకా పట్టుబడలేదు. అక్కడే గొడ్డలి కథ చెప్పాడు. ఒకతను కమ్మరి దగ్గర గొడ్డలి కొని, అంచు మెరుస్తున్నట్టే మొత్తమంతా మెరవాలన్నాడు. సరే, సానరాయి చక్రం నువ్వు తిప్పితే నేను మెరుగు పెడతానన్నాడు కమ్మరి. తిప్పగా తిప్పగా అతని చేతులు పడిపోయాయి. ఇంకా మచ్చలున్నాయి కదా, తిప్పు అన్నాడు కమ్మరి. వద్దులే, నాకు మచ్చల గొడ్డలే నచ్చిందన్నాడు అతను. చుక్కలు లేని పేజీ కోసం బయలుదేరిన మనిషి ఈ కథ చెప్పుకుని తనను తాను మన్నించుకున్నాడు. అంతటితో ఆగకుండా, అనుకున్న పరిపూర్ణత అందకపోయినా ప్రయత్నించనప్పటికన్నా మంచివాడిని, సుఖవంతుడిని అయ్యానని కూడా రాశాడు. ఎడ్వర్డ్స్‌కు ఇలాంటి మన్నింపు దొరకలేదు.

ఇదంతా రాసినప్పుడు ఆయన వయసు డెబ్బై ఎనిమిది. ఆత్మకథ మొదటి భాగాన్ని 1771లో ఇంగ్లండులో ట్వైఫర్డ్ అనే ఊళ్లో, ఒక బిషప్పు గారి ఇంట కూర్చుని, కొడుకు విలియంకు రాస్తున్న ఉత్తరంగా మొదలుపెట్టాడు. అప్పుడు విలియం న్యూజెర్సీకి బ్రిటిషు రాజు నియమించిన గవర్నరు. తర్వాత విప్లవం వచ్చింది. తండ్రి ఒక వైపు, కొడుకు రాజు వైపు. కొడుకు జైలుపాలయ్యాడు. 1784లో పారిస్ పక్కన పాసీలో రెండో భాగం అందుకున్నప్పుడు ఆ పుస్తకంలో 'నాయనా' అన్న పిలుపు లేదు. కొడుక్కి రాసిన ఉత్తరం లోకానికి రాసిన పుస్తకమైంది. పదమూడు గుణాల పట్టిక ఈ రెండో భాగంలోదే. తండ్రీకొడుకుల మధ్య విరిగినదాన్ని తప్పొప్పుల పట్టికలో ఎక్కడా ఎక్కించలేదు ఆయన. వాళ్లు మళ్లీ దగ్గర కాలేదు.

పట్టికలోకి ఎక్కనివి ఇంకా ఉన్నాయి. ఫ్రాంక్లిన్ ఇంట్లో బానిసలుండేవారు. ఆయన పత్రికలో బానిసల అమ్మకం ప్రకటనలు, పారిపోయినవాళ్లను పట్టివ్వమన్న ప్రకటనలు అచ్చయ్యాయి. ఆ పేజీలను పేర్చిన చేతులే రాత్రి నల్లచుక్కలు పెట్టాయి. 'న్యాయం' గడిలో వాటి తాలూకు చుక్క పడలేదు. బతుకు చివర, 1787లో, పెన్సిల్వేనియా బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1790 ఫిబ్రవరిలో బానిసత్వాన్ని అంతం చేయమంటూ కాంగ్రెసుకు వెళ్లిన విజ్ఞప్తి మీద సంతకం పెట్టాడు. ఏప్రిల్ 17న కన్నుమూశాడు. ఆ సంతకమూ ఒక దిద్దుబాటే. కానీ దాన్ని ఆత్మకథలో రాయడానికి వ్యవధి లేదు. కథ 1750ల దగ్గర ఆగిపోయింది.

చెల్లెలు జేన్ సంగతి కూడా ఆ పుస్తకంలో లేదు. అన్న కన్నా ఆరేళ్లు చిన్న. పదిహేనో ఏట ఒక జీనుల పనివాడితో పెళ్లయింది. పన్నెండుమంది పిల్లలు పుట్టారు, పదకొండుమంది ఆమె కళ్లముందే పోయారు. ఆమెకూ ఒక చిన్న పుస్తకం ఉండేది. కాగితాలు మడిచి దారంతో తనే కుట్టుకుంది. అందులో పిల్లలు పుట్టిన తేదీలు, పోయిన తేదీలు రాసుకుంది. ఫ్రాంక్లిన్ తన బతుకులో ఎక్కువ ఉత్తరాలు రాసింది ఈ చెల్లెలికే. అన్న పుస్తకంలో ఏడు గళ్లు, ప్రతి రాత్రీ తనదే. చెల్లెలి పుస్తకంలో అలాంటి గడి ఒక్కటీ లేదు. రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చూడకుండా ఆ కాలం నాకు అర్థం కాదు.

ఇంకోమాట. సొంతంగా పైకొచ్చిన మనిషికి నమూనాగా ఫ్రాంక్లిన్‌ను చూపేవాళ్లు జంటో సంగతి మరిచిపోతారు. 1727లో ఆయన చేతిపనివాళ్లతో, చిన్న ఉద్యోగులతో ఈ చర్చాసంఘం పెట్టాడు. శుక్రవారం సాయంత్రాలు కలిసేవాళ్లు. తాము రాసినవి అందరికీ చదివి వినిపించేవారు. అందరి పుస్తకాలూ ఒకచోట పెట్టుకుంటే బాగుంటుందన్న ఆలోచనలోంచి 1731లో యాభైమంది చందాదారులతో ఫిలడెల్ఫియా లైబ్రరీ కంపెనీ పుట్టింది. తలా నలభై షిల్లింగులు ముందు, తర్వాత ఏటా పది. తనను తాను దిద్దుకోవడానికి ఆయనకు పదకొండుమంది తోడు కావలసివచ్చారు.

ఆత్మకథ లోకంలోకి వచ్చిన తీరు వింటే ఆశ్చర్యం వేస్తుంది. 1791లో పారిస్‌లో ఫ్రెంచిలో ముందు అచ్చయింది. ఇంగ్లీషు పాఠకులు 1793లో చదివింది ఆ ఫ్రెంచినుంచి తిరిగి ఇంగ్లీషులోకి తెచ్చిన పాఠాన్ని. మనుమడు విలియం టెంపుల్ 1818లో తన దిద్దుబాట్లతో ఒకటి వేశాడు. ఫ్రాంక్లిన్ చేతిరాతలో ఉన్నది ఉన్నట్టుగా, నాలుగు భాగాలతో, 1868లో గాని రాలేదు. ఫ్రాన్సులో ఆ రాతప్రతిని కొన్న జాన్ బిగెలో వేశాడు. దిద్దుకోవడం గురించి లోకానికి చెప్పిన పుస్తకం డెబ్బై ఏడేళ్లపాటు తప్పుల ముద్రణలోనే చేతులు మారింది. ఆ తప్పుల ముద్రణలే దేశాన్ని మార్చాయి.

ఆ తర్వాతి తరం ఈ విత్తనాన్ని పంటగా తీసింది. 1832లో సెనేటులో హెన్రీ క్లే కెంటకీ కర్మాగారాల యజమానులను పొగుడుతూ 'తమను తామే తయారుచేసుకున్న మనుషులు' అన్న మాట వాడాడు. ఆ మాట జనం నోళ్లలో స్థిరపడిపోయింది. ఊరూరా ఉపన్యాస సంఘాలు వెలిశాయి. 1838 సెప్టెంబరులో బోస్టన్‌లో కార్మికుల కోసం ఏర్పాటైన ఫ్రాంక్లిన్ ఉపన్యాసాలను ప్రారంభిస్తూ విలియం ఎలరీ చానింగ్ ఆత్మసంస్కారం గురించి మాట్లాడాడు. చేతిపని చేసేవాడి లోపల కూడా తెరవని శక్తులున్నాయని, పనిముట్టుగా బతకడానికి మనిషి పుట్టలేదని ఆయన వాదం.

కాంకర్డులో ఇరవై ఏళ్ల హెన్రీ థోరో 1837 అక్టోబరు 22న డైరీ మొదలుపెట్టాడు. డైరీ రాస్తున్నావా అని ఎవరో అడిగినట్టు మొదటి పద్దులో ఉంది. అడిగింది రచయిత ఎమర్సన్ అయి ఉంటాడని పండితుల భావన. దాదాపు ఇరవై నాలుగేళ్లు ఆ డైరీ ఆగలేదు. ఎమర్సన్ 1841లో తన వ్యాసంలో ఎవరి మనసును వాళ్లు నమ్ముకోమని చెప్పాడు. థోరో 1845 జులై 4న వాల్డెన్ చెరువు గట్టున తాను కట్టుకున్న గదిలోకి మారి, రెండేళ్ల రెండు నెలలు ఉండి, నమ్ముకుంటే ఎలా ఉంటుందో చూశాడు. 1854లో వచ్చిన వాల్డెన్ మొదటి అధ్యాయం తెరిస్తే పద్దులే పద్దులు. పలకలకింత, పాత ఇటుకలకింత, మేకులకింత. మొత్తం ఇంటి ఖర్చు 28 డాలర్ల 12న్నర సెంట్లు. చిక్కుడు పంటమీద మిగిలింది 8 డాలర్ల 71న్నర సెంట్లు. ఫ్రాంక్లిన్ లెక్కల పుస్తకాన్నే థోరో చేతిలోకి తీసుకుని తిరగేశాడని నా నమ్మకం. పొదుపు చేసి మిగిల్చిన డబ్బును ఫ్రాంక్లిన్ వ్యాపారంలో పెట్టాడు. థోరో దాన్ని ఖాళీ సమయంగా మార్చుకుని, పొద్దుటిపూట గుమ్మంలో ఊరికే కూర్చున్నాడు. అక్కడ ఆయన చదివినవాటిలో భగవద్గీత ఇంగ్లీషు అనువాదం ఉంది. ఒక చలికాలంలో చెరువులో మంచును పలకలుగా కోసి ఎగుమతికి సిద్ధం చేస్తుంటే, మద్రాసు, బొంబాయి, కలకత్తా జనం తన బావి నీళ్లు తాగుతున్నారని ఊహించుకుని మురిసిపోయాడు. అలా వచ్చే అమెరికా మంచును దాచడానికి కట్టినదే మద్రాసు సముద్రపు ఒడ్డున ఉన్న ఐస్ హౌస్. దాని ముందునుంచి నడిచిన తెలుగువాళ్లు ఎందరో.

ఇప్పుడు, ఆ 'అందరి'లో లేనివాళ్ల దగ్గరికి. 1761లో ఏడెనిమిదేళ్ల పిల్లను ఆఫ్రికా నుంచి తెచ్చి బోస్టన్ రేవులో అమ్మారు. ఆమెను తెచ్చిన ఓడ పేరే ఆమెకు పెట్టారు. ఫిలిస్ వీట్లీ కవితల పుస్తకం 1773లో లండన్‌లో వచ్చింది. ఇవి ఈ అమ్మాయే రాసిందని పద్దెనిమిదిమంది బోస్టన్ పెద్దలు ఇచ్చిన ధ్రువపత్రం అందులో అచ్చయింది. ఫ్రాంక్లిన్ రాతకు సాక్షి సంతకాలు ఎవరూ అడగలేదు.

చానింగ్ కార్మికులకు ఆత్మసంస్కారం గురించి చెప్పిన ఆ నెలలోనే, 1838 సెప్టెంబరు 3న, ఒక ఇరవై ఏళ్ల యువకుడు నావికుడి బట్టలు వేసుకుని, ఒకరి దగ్గర అరువు తెచ్చుకున్న కాగితాలతో బాల్టిమోరులో రైలెక్కాడు. మర్నాటికి న్యూయార్కులో స్వేచ్ఛగా ఉన్నాడు. ఫ్రెడరిక్ డగ్లస్ అన్న పేరు ఆ తర్వాత పెట్టుకున్నది.

చిన్నప్పుడు బాల్టిమోరులో యజమానురాలు సోఫియా ఆల్డ్ అతనికి అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. ఆమె భర్త వచ్చి ఆపించాడు. చదువొస్తే వీడు బానిసగా పనికిరాడన్నాడు. ఆ మాట చెవిన పడడమే ఆ పిల్లవాడికి అసలు పాఠమైంది. వద్దన్న దానిలోనే దారి ఉందని అర్థమైంది. ఇంట్లో రొట్టె ముక్కలు జేబులో వేసుకుని వెళ్లి, వీధిలో ఆకలితో తిరిగే పేద తెల్లపిల్లలకు పెట్టి వాళ్ల దగ్గర అక్షరాలు నేర్చుకున్నాడు. ఓడలు కట్టేచోట వడ్రంగులు చెక్కలమీద అవి ఓడలో ఏ భాగానికో తెలిసేలా అక్షరం రాసేవారు. అలా నాలుగు అక్షరాలు పట్టుకున్నాడు. నీకన్నా నేను బాగా రాస్తాను చూడమని పిల్లలతో పందెం వేసి, వాళ్లు రాసి చూపించిన మిగతావి కాజేశాడు. గోడ, కంచె, రాళ్లు పరిచిన వీధి అతని పలకలు. సుద్దముక్క బలపం.

తర్వాత యజమాని కొడుకు టామీ బడి నుంచి తెచ్చిన కాపీ పుస్తకాలు. నిండిపోయాయని పక్కన పడేసినవి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు టామీ వరసల మధ్య మిగిలిన ఖాళీల్లో, అచ్చం టామీ చేతిరాతలాగే రాస్తూ కూర్చునేవాడు. ఏళ్లు పట్టిందని రాశాడు. ఫ్రాంక్లిన్ స్పెక్టేటర్ వ్యాసాన్ని అనుకరించి రాసిన పనీ, ఈ పిల్లవాడు చేసిన పనీ ఒకటే. కానీ ఫ్రాంక్లిన్‌కు తెల్ల కాగితం ఉంది. ఇతనికి ఇంకొకరి వరసల మధ్య దక్కిన జాగా ఉంది.

పన్నెండేళ్ల వయసులో బూట్లు తుడిచి సంపాదించిన 50 సెంట్లతో కొలంబియన్ ఆరేటర్ అన్న వాచకం కొన్నాడు. అందులో ఒక బానిస తన యజమానితో వాదించి గెలిచే సంభాషణ ఉంది. చదివేకొద్దీ దుఃఖం పెరిగిందని, ఒక్కోసారి ఏమీ తెలియని తోటివాళ్లను చూసి అసూయ కలిగేదని రాశాడు. ఆత్మవికాసం గురించి రాసేవాళ్లు దాటేసే మాట ఇది. తనను తాను చూసుకోవడం వల్ల కలిగే మొదటి ఫలితం బాధ కావచ్చు. డగ్లస్ దాన్ని దాచలేదు.

1859 నుంచి ఆయన 'తమను తామే తయారుచేసుకున్న మనుషులు' అన్న ఉపన్యాసాన్ని ఎన్నో ఊళ్లలో ఎన్నోసార్లు ఇచ్చాడు. మొదట్లోనే, ఖచ్చితంగా చెప్పాలంటే అలాంటివాళ్లంటూ లోకంలో ఎవరూ లేరని అంటాడు. మనమంతా ముందువాళ్లకూ పక్కవాళ్లకూ ఋణపడి ఉన్నామంటాడు. ఆ తర్వాతే శ్రమ గొప్పతనం చెబుతాడు. ఆ రొట్టె ముక్కలు మార్చుకున్న పిల్లల పేర్లు చెప్పాలని ఉన్నా చెప్పడం లేదని ఆత్మకథలో రాశాడు. బానిసకు చదువు చెప్పడం అప్పటికీ తప్పుగా చూసే చోట వాళ్లకు ఇబ్బంది కలుగుతుందని ఆయన భయం.

1845 మే నెలలో వచ్చిన ఆ ఆత్మకథ ముఖపత్రం మీద, తానే రాసుకున్నదన్న మాట ప్రత్యేకంగా అచ్చువేశారు. అయినా ముందు ఇద్దరు తెల్లవారి పరిచయ వాక్యాలు కావలసివచ్చాయి. 1855లో అదే జీవితాన్ని మళ్లీ రాశాడు, ఇంకా పెద్దగా, ఇంకా నిర్భయంగా. 1881లో మూడోసారి. 1892లో దాన్ని పెంచి, దిద్ది మళ్లీ వేశాడు. గ్రంథకర్త దిద్దిన కొత్త ముద్రణ కోసం ఫ్రాంక్లిన్ చావు తర్వాతి లోకంవైపు చూశాడు. డగ్లస్ బతికుండగానే ముద్రణ తర్వాత ముద్రణ తెచ్చుకున్నాడు.

ఒక్క తప్పు మాత్రం ఏ ముద్రణలోనూ దిద్దలేకపోయాడు. తన వయసు తనకు తెలియదన్న మాటతోనే మొదటి పుస్తకం మొదలవుతుంది. తెల్లపిల్లలకు తమ పుట్టినరోజు తెలుసు, నాకెందుకు తెలియదని చిన్నప్పుడే బాధపడ్డాడు. 1817 అయి ఉంటుందని లెక్కగట్టుకుని అదే నమ్మాడు. 1895 ఫిబ్రవరి 20న ఆ నమ్మకంతోనే పోయాడు. అసలు తేదీ మేరీలాండులో ఆయన మొదటి యజమాని ఏరన్ ఆంథనీ రాసుకున్న పద్దుల పుస్తకంలో ఉంది. ఆస్తి కింద లెక్కగట్టిన మనుషుల పేర్ల వరసలో, హేరియట్ కొడుకు ఫ్రెడరిక్ అగస్టస్, 1818 ఫిబ్రవరి.